నలుసు దొరకని వానాకాలం

మా మేనత్త పోయిందని ముందు ఫోనులో ఒక సందేశం వచ్చింది. నేను నమ్మలేదు. ఆమె కోడలికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పక్క ఖోలీ ఆయనకు చేశాను. "అవును బాయీ, పొద్దుగాలనే" అన్నాడు. అప్పటికీ నమ్మకం కుదరక ఇంకొకరిని అడిగాను. ఆ మనిషి కూడా అదే మాట చెప్పాకే నమ్మాను. దుఃఖం కంటే ముందు అనుమానం వచ్చినందుకు నన్ను తప్పు పట్టకండి. ఒక్క నోట విన్నది వార్త కాదు, గాలి అని నాకు నేర్పింది ఆమే. ఆమె చావు కబురును కూడా ఆమె పద్ధతిలోనే తేల్చుకున్నాను. ఉండి ఉంటే "బరాబర్ చేసినవ్" అనేది. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాను.

బొంబాయి కామాటిపురలో, వరసగా ఒంటి గదులుండే ఒక పాత చాళ్ళో, రెండో అంతస్తులో, మెట్ల పక్క ఖోలీ ఆమెది. మా తాతలు పాలమూరు వైపు నుంచి ఈ ఊళ్ళో రాయి కొట్టడానికి, గోడలు లేపడానికి వచ్చినవాళ్ళు. మా నాన్న తాపీ పట్టాడు. ఆయన అక్క, అంటే మా అత్త, మోకాళ్ళు మొరాయించేదాకా ఘమేలాలో సిమెంటు మాలు నెత్తిన పెట్టుకుని పరంజాలెక్కింది. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచిందీ, పనిలోకి కాకుండా బడికి తోలిందీ ఆమే. నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో టీచర్నయ్యాక చాళ్ళో అందరూ నన్ను "బాయి" అనడం మొదలుపెట్టారు. ఆమె మాత్రం కోపమొస్తే "పోరీ" అనే అనేది.

ఆమె ఎవరినీ ఊరికే నమ్మేది కాదు. పాలవాడు క్యాను దించితే చిటికెన వేలు ముంచి, గోటి మీద బొట్టు నిలబడుతుందో జారుతుందో చూసేది. గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో బోర్డు చదివి నేను చెప్పినా సరే, బండిలో కూర్చున్నవాళ్ళను మళ్ళీ అడిగి గానీ ఎక్కేది కాదు. చెయ్యి చూసి జాతకం చెప్తానని ఒకాయన చాళ్ళోకి వస్తే ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నా రేపటి ముచ్చట తర్వాత చూద్దువు. నీ చెప్పులు కింద మెట్ల కాడ ఇడిసొచ్చినవ్ గదా, ఉన్నయా పోయినయా, కూసున్న కాడికెల్లి చెప్పు" అంది. ఆయన చెప్పులు చూసుకోవడానికి దిగిపోయి మళ్ళీ పైకి రాలేదు. "అనుమానం పెనుభూతం అక్కా" అని మా నాన్న విసుక్కుంటే, "భూతాన్ని ముందుగాల చూసినోడే బతికి బయటపడ్తడు తమ్మీ" అనేది.

అంత అనుమానపు మనిషిని చాళంతా నమ్మేది. కారణం నలుసులు. రాయి చెక్కేవాళ్ళకు, సున్నం కలిపేవాళ్ళకు కళ్ళల్లో నలుసు పడటం భోజనం లాగా రోజూ ఉండేదే. ఆస్పత్రికి పోతే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకని కన్ను మూసుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని మా అత్త గడప ముందుకు వచ్చేవాళ్ళు. ఆమె వాళ్ళను ఖోలీల ముందరి గ్యాలరీలో వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టి, పైరెప్పను అగ్గిపుల్ల మీదుగా తిప్పి, తన చీర కొంగు కొసను సన్నగా మలిచి, పెదవులతో తడిపి, ఒక్కసారి అలా తుడిచేది. అంతే. తీసిన నలుసును బొటనవేలి గోటి మీద పెట్టి చూపించేది. "ఇగో, నీ దుష్మన్. మంచిగ చూసుకో." చూపించకుండా ఎవరినీ పంపేది కాదు. పాలవాణ్ణి సాక్ష్యం అడిగే మనిషి తన పనికి తానూ సాక్ష్యం చూపించేది. నాకు ఆమెలో అన్నిటికంటే నచ్చింది అదే.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఎనభైల్లో ఒక వానాకాలం సంగతి.

ఆ ఏడు బొంబాయి అంతా కళ్ళు ఎర్రబడ్డాయి. కండ్లకలక అన్న మాట నా పాఠ్యపుస్తకంలో ఉండేది గానీ చాళ్ళో వాడేవాళ్ళు లేరు. మరాఠీవాళ్ళు "డోళే ఆలే" అంటే, మావాళ్ళు వాళ్ళను చూసి "కండ్లొచ్చినయ్" అనేవారు. బస్సుల్లో సగం మందికి నల్లద్దాలు. పక్కన కూర్చున్నవాడు జేబులోంచి రుమాలు తీస్తే జనం లేచి నిలబడేవారు. తలుపు గొళ్ళెం ముట్టాలంటే భయం, దుకాణంలో చిల్లర తీసుకోవాలంటే భయం. మా అత్తకు మాత్రం ఈ సంగతి కొత్తగా అనిపించలేదు. ఊరంతా తన దారికి వచ్చిందని లోపల కొంచెం సంతోషించిందేమో కూడా.

మా చాళ్ళో నీళ్ళ నల్ల ఒక్కటే, కింద మెట్ల పక్కన. మాకు రెండు గల్లీల అవతల, రాత్రిపూట మగవాళ్ళు వచ్చిపోయే ఇళ్ళ సంగతి కామాటిపుర పేరు విన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. వాటిలో ఒక ఇంట్లో వంట చేసే పెద్దావిడ ఒకామె ఉండేది. మా జిల్లా మనిషే, మా మాటే. వాళ్ళ పైపు పగిలి నీళ్ళు రాకపోతే మా నల్ల దగ్గరికి వచ్చి ఒక బకెట్ పట్టుకుపోయేది. వరసలో చివర నిలబడేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు. మాకు కనిపించినంతలో అందరికంటే ముందు కళ్ళు ఎర్రబడింది ఆమెకే. నెత్తురు కారుతాయేమో అన్నట్టు ఉండేవి. వారం తిరగకుండానే తగ్గిపోయాయి. ఆ తర్వాత మా చాళ్ళో మొదలైంది.

మొదట ఇద్దరు మేస్త్రీలకు, తర్వాత వాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళకు, తర్వాత మా నాన్నకు. ఊళ్ళో అందరికీ నాలుగైదు రోజుల్లో పోతుంటే మావాళ్ళకు పోలేదు. ఒక కన్నుతో మొదలై రెండో కంటికి పాకేది. చెవి ముందర బిళ్ళ కట్టేది. ఎరుపు తగ్గినా చూపు మసకబారింది. మా నాన్న గోడ నిలువు చూసే గుండు దారాన్ని గుమ్మానికి వేలాడదీసి పొద్దునా సాయంత్రం చూసుకునేవాడు. "ఒక్క దారం రెండు దారాలు కనవడ్తున్నయే" అని నాతో మెల్లగా అన్నాడు, అక్కకు వినపడకుండా. దారం కనపడని తాపీమేస్త్రీని, పొద్దున్నే కూలీలు పని కోసం నిలబడే నాకాలో ఎవరు పిలుస్తారు? ఆయన కళ్ళు ఇక తేరుకోవేమోనని నాకు గుబులు పట్టుకుంది.

అత్తకు వినపడనే వినపడింది. ఆ సాయంత్రమే తీర్పు చెప్పింది. "ఇది ఆ గల్లీ రోగం. ఆమె బకెట్ మన బకెట్లకు తాకింది. తాను మంచిగైంది, మనకు అంటిచ్చి పోయింది." చాళ్ళో పెద్దమనుషులు తలలూపారు. అనుమానం విషయంలో ఆమె మాటకు తిరుగు లేదు మరి. మర్నాడు వంటావిడ వరసలో బకెట్ పెట్టబోతే అత్త కాలితో దాన్ని పక్కకు జరిపింది.

"గీడ పెట్టకు. తీస్కపో."

"నా కండ్లు మంచిగైనయి అక్కా. చూడు."

"నీవి మంచిగైనయి. మావి ఖరాబైనయి. మా తమ్ముడు దారం చూడలేక కూసున్నడు."

ఆమె ఖాళీ బకెట్ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి పెద్ద రోడ్డు దాటి ఎక్కడి నుంచో నీళ్ళు మోసుకుంటూ కనిపించేది.

డాక్టరు బాయి వచ్చింది ఆ రోజుల్లోనే. చిన్న వయసు మరాఠీ అమ్మాయి. చేతిలో ఐసు పెట్టిన డబ్బా, సంచిలో గాజు గొట్టాలు. కళ్ళ జబ్బులు ఏ వైరస్ వల్ల వస్తున్నాయో తేల్చే ల్యాబులో పని చేస్తుందట. మా చాళ్ళవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆస్పత్రికి పోతే అక్కడి డాక్టర్లకు ఇది మామూలు కలక లాగా అనిపించక ఈమెకు చెప్పారట. నన్ను మాటలు తిప్పి చెప్పమని అడిగింది. మేం గ్యాలరీలోకి ఎక్కేసరికి మా అత్త దారికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది.

"ఎవరు పంపిన్రు?"

"ల్యాబువాళ్ళు అత్తా. కంట్లో తడి తీసుకుని, ఏ పురుగో చూస్తారట."

"మందిస్తరా?"

అడిగాను. ఈ జబ్బుకు మందు లేదనీ, తనంతట తనే తగ్గాలనీ, ఏదో తెలిస్తే ఎలా పాకుతోందో తెలుస్తుందనీ, అప్పుడు ఆపవచ్చనీ ఆమె చెప్పింది.

"మందు లేదు. పైసలు లేవు. ఊకెనే తీస్కపోతది." అత్త నా వైపు తిరిగింది. "ఐసెందుకట? కంటి నీళ్ళేమన్న కుల్ఫీనా?"

వేడికి వైరస్ చచ్చిపోతుందనీ, చస్తే పట్టుకోలేమనీ డాక్టరు బాయి ఓపికగా చెప్పింది. చాళ్ళో అప్పటికే పుకార్లు లేచాయి. ఆ పుల్ల కంట్లో పెడితే పిల్లలు పుట్టరని ఒకరు, చూపు తీసుకుపోయి పెద్దవాళ్ళకు అమ్ముతారని ఒకరు. ఎమర్జెన్సీ నాటి బలవంతపు ఆపరేషన్ల భయం మా జనానికి ఇంకా పూర్తిగా పోని కాలం అది. చివరికి అత్తే తేల్చింది. "సరె. తియ్యనియ్యి. నా ఖోలీ ముందర, నా కండ్ల ముందర. కంటి నీళ్ళిస్తం, నెత్తురు మాత్రం ఇయ్యం. ఆ గల్లీకి కూడ పోయి తియ్యమను. అప్పుడు దొంగ దొరుకుతది."

డాక్టరు బాయి ఆ గల్లీకి తాను ముందే పోయి వచ్చానంది. అక్కడ అప్పటికి కళ్ళు ఎర్రగా ఉన్న ఆడవాళ్ళ దగ్గర తీసుకుందట. ఐసు డబ్బాలో ఆ గొట్టాలు వేరే గుడ్డలో చుట్టి ఉన్నాయి. అత్త వాటిని చూసి సంతృప్తిగా తల ఊపింది.

ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. కింది రెప్ప లాగి, దూది చుట్టిన పుల్లతో లోపలి తడి తీసి, గులాబీ రంగు నీళ్ళున్న గొట్టంలో ముంచి మూత పెట్టేది. ప్రతి ఒక్కరి తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కునేది. "ఎన్నిసార్లు కడుగుతది, మనం గంత గలీజున్నమా?" అని అత్త గొణిగింది. పుల్ల పెట్టేముందు డాక్టరు బాయి అందరినీ ఒకటే అడిగింది, మొదట ఎలా అనిపించింది, మొదట ఏం చేశారు అని. మొదటి మేస్త్రీ చెప్పాడు. "ఇసుక పడ్డట్టుండె. పనిల ఉన్న గదా, నలుసనుకున్న. అత్త కాడికొచ్చిన." రెండో అతనూ అదే చెప్పాడు. అతని భార్య రొట్టెలు చేస్తుంటే పిండి పడిందనుకుందట, అత్త దగ్గరికే వచ్చిందట. మా నాన్న ఒకసారి కాదు, చాలాసార్లు. అక్క ఆయనకు రోజూ తుడిచింది పాపం, తమ్ముడని.

నేను ఒక్కో జవాబునూ మరాఠీలో చెప్పుకుంటూ పోయాను. తిప్పి చెప్పేవాళ్ళకు మాటల మీదే ధ్యాస ఉంటుంది, వాటి వెనక ఏం పోగవుతోందో కనపడదు. అత్త మాత్రం ఎప్పటికప్పుడు తన పేరు వింటూనే ఉంది.

డాక్టరు బాయి అన్నీ సర్దుకుని, నలుసు దేనితో తీస్తారని అడిగింది.

"నా కొంగుతోని. ఎందుకు?"

"ఊరికే అడిగాను."

"ఊకెనే ఎవ్వరేం అడగరు." కొంగు లాగి నడుములో దోపుకుంది.

ఆమె కంట్లో కూడా కొంచెం ఎరుపుంది. తడి తీసుకోవచ్చా అని డాక్టరు బాయి అడిగితే, "అది పొగ" అంది. ఇంట్లో కిరసనాయిలు స్టవ్వు, అంత పొగ ఎక్కడిది? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకున్నాను గానీ, దొంగతనం ఏమిటో నాకు తెలియదు. ఆ రాత్రి అన్నం తినలేదు ఆమె. అడిగితే, "ఆ పోరి మీద నాకు అనుమానమున్నది. మనల్ని చూడనీకె రాలే. నన్ను చూడనీకె వచ్చింది" అంది.

ఇంకో సంగతి నాకు అప్పుడు పట్టింది. ఆ వానాకాలమంతా ఆమె ఎవరికీ గోటి మీద నలుసు చూపించలేదు. మా నాన్న ఒకసారి అడిగాడు కూడా. "సన్నది. కరిగిపోయింది" అంది. రాయి పెంకు కరుగుతుందా? నేను అనుమానించడం నేర్చుకున్నది ఆమె దగ్గరే గనక ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. కానీ దాన్ని ఎక్కడ తగిలించాలో తెలియలేదు.

వారాలు గడిచాయి. డాక్టరు బాయి జాడ లేదు. "తీస్కపోయినోళ్ళు తిరిగొచ్చి చెప్పిన ముచ్చట ఎన్నడన్న విన్నవా?" అని అత్త నన్ను దెప్పేది. అంతకుముందు జనాభా లెక్కలవాళ్ళు వచ్చారు, ఇళ్ళు కొలిచేవాళ్ళు వచ్చారు, తిరిగొచ్చి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ మాటలో దెప్పిపొడుపు కంటే ఆశ ఎక్కువున్నట్టు నాకు తోచింది. తిరిగి రాకపోతే బాగుండు అనుకుంటోందేమో అనిపించింది. నలుసు కోసం ఎవరైనా వస్తే అప్పటికే రెండు మాటలు చెప్పి తిప్పి పంపడం మొదలుపెట్టింది. మోకాళ్ళు నొప్పి అనేది. కూర్చుని చేసే పనికి మోకాళ్ళతో పనేమిటో మరి.

వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం డాక్టరు బాయి వచ్చింది. చేతిలో డబ్బా లేదు. ఏమీ తీసుకోవడానికి రాలేదు, చెప్పడానికే వచ్చింది. అత్త ఆమె చేతుల వైపు, సంచి వైపు చూసి, లేచి తన పీట ఆమెకు వేసింది. తన పీట ఇంకెవరికైనా వేయడం నేను అంతకుముందు చూడలేదు.

జనం గ్యాలరీలో మూగారు. డాక్టరు బాయి చెప్తుంటే నేను తెలుగులో చెప్పాను. వైరస్‌ను మామూలుగా చూడలేం. సీసాల్లో బతికున్న కణాలను పెంచి, వాటి మీద ఈ కంటి తడి వేస్తారు. అందులో వైరస్ ఉంటే ఆ కణాలు ఉబ్బి, ఊడిపోతాయి. ఏదో ఉందని అప్పుడు తెలుస్తుంది. అదెవరో తెలియడానికి రకరకాల వైరస్‌లను అణిచే మందునీళ్ళు ఒక్కొక్కటే కలిపి చూస్తారు. ఏది కలిపితే ఆగిపోయిందో దాన్ని బట్టి పేరు చెప్తారు.

మా నాన్నకు ఇది అర్థం కాలేదు. అత్తకు అయింది. "ఏడ్చే పోరడు ఎవరి గొంతుకు ఊకుంటడో చూసి, వాడు ఎవరి కొడుకో చెప్పినట్టు" అంది. నేను అది మరాఠీలో చెప్తే డాక్టరు బాయి నవ్వి, ఇంతకంటే బాగా తాను చెప్పలేనంది.

"అయితె దొంగ దొరికిండా?" అడిగాడు ఒక మేస్త్రీ.

దొరికాడు, కానీ ఒకడు కాదు, ఇద్దరు అంది ఆమె. ఆ గల్లీలో దొరికింది ఊరంతా తిరుగుతున్నదే. ఒక్కరోజులో కన్ను నెత్తురు చేసి, నాలుగైదు రోజుల్లో పోయే రకం. ఈ చాళ్ళో దొరికింది అది కానే కాదు. ఇది వేరే జాతి. మెల్లగా వస్తుంది, మెల్లగా పోతుంది, చూపును మసక చేస్తుంది. ఆ గల్లీ నుంచి ఇక్కడికి రాలేదు.

అందరూ ఒకేసారి అందుకున్నారు. నాకాలో కొత్తగా చేరిన కూలీలని ఒకరు, ధారావి నుంచి వచ్చిన చుట్టాలని ఒకరు. అనుమానానికి చోటు కావాలి, ఒక చోట ఖాళీ చేయిస్తే ఇంకో చోట దిగుతుంది. డాక్టరు బాయి వాళ్ళను ఆగనిచ్చి, ఎవరి వైపూ చూడకుండా మెల్లగా చెప్పింది. ఈ రకం వైరస్ బయటి దేశాల్లో ఓడలు కట్టే చోట్ల ఇలాగే పాకిందట. ఇనుప రజను కళ్ళల్లో పడిన కార్మికులు దవాఖానాకు పోయేవారు. అక్కడ రజను తీసిన...

నేను అక్కడిదాకా తెలుగులో చెప్పి ఆగిపోయాను. కరిగిపోయిన నలుసులు, ప్రతి ఒక్కరి జవాబు, నడుములో దోపుకున్న కొంగు, అన్నీ ఒక్కచోటికి వచ్చి నిలబడ్డాయి.

"ఆగినవేంది?" అంది అత్త. "చెప్పు."

"అంతే అత్తా."

"అంతె కాదు. ఆమె ఇంక చెప్పింది. నువ్వు మింగుతున్నవ్. పోరీ, చెప్పు."

చెప్పాను. రజను తీసిన డాక్టర్ల చేతుల మీదుగా, వాళ్ళ పనిముట్ల మీదుగా ఒక కంటి నుంచి ఇంకో కంటికి పాకిందని చెప్పాను.

ఆమె కొంగు కొసను నడుములోంచి లాగి, అరచేతిలో పరిచి చూసింది. అందరికీ వినపడేలా మాట్లాడింది.

"నాకు నలుసు దొరకలే. ఒక్కరి కంట్ల దొరకలే. దొరకకుంటె దొరకలేదని చెప్పాలె. నేను చెప్పలే. దొరకలేదంటె నా చెయ్యి పోయిందనుకుంటరని కరిగిందని చెప్పిన. గీ కొంగుతోనే తుడిచిన. వాని కంట్లది వీని కంట్ల పెట్టిన. మా తమ్మునికి రోజు పెట్టిన. నీళ్ళకొచ్చినామెను నేనే ఎళ్ళగొట్టిన."

మా నాన్న "అక్కా, ఊకో" అన్నాడు. డాక్టరు బాయి ముందుకు వంగి, పెద్ద చదువుల డాక్టర్లకే అది తెలియలేదనీ, తెలియక చేసినదానికి తప్పు లేదనీ అంది. నేను చెప్పాను. అత్త నన్ను సూటిగా చూసింది.

"నన్ను ఓదార్చనీకె చెప్తున్నదా, నిజంగనే అయిందా? అడుగు."

నిజమే అంది డాక్టరు బాయి.

"ఇంకొక్కసారి అడుగు."

ఆమె మళ్ళీ నిజమే అంది. అత్త తల ఊపింది. కొంగు కొసను గట్టిగా, పళ్ళతో లాగి మరీ ముడేసింది. మాట మరిచిపోకూడదంటే కొంగున ముడేసుకోవడం మా వాళ్ళల్లో ఉన్నదే. పని అయ్యాక ఆ ముడి విప్పేస్తారు. ఆమె విప్పలేదు.

మర్నాడు పొద్దున ఆమె ఆ గల్లీకి పోయింది. అంతకుముందు ఆ వైపు ఎప్పుడూ అడుగు పెట్టలేదు. నేను వెనకే వెళ్ళాను. వంటావిడ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. అత్త నిలబడే చెప్పింది.

"నీ కాడికెల్లి రాలే. నా చేతుల కెల్లి వచ్చింది. డాక్టరమ్మ తేల్చింది. నల్ల కాడికి రా."

వంటావిడ బియ్యంలోంచి తల ఎత్తింది. "ఇప్పుడెందుకు పిలుస్తున్నరు? కొత్తగ ఇంకేం పెట్టిన్రు నా మీద?"

"ఏం పెట్టలే."

"ఎట్ల నమ్మాలె?"

ఆ ప్రశ్న జీవితమంతా ఇతరులను అడిగిన మనిషి మా అత్త. తిరిగి వస్తుంటే దారిలో నాతో, "బరాబర్ అడిగింది" అంది.

వంటావిడ వెంటనే రాలేదు. చాలా రోజుల తర్వాత వచ్చింది, అదీ తన బకెట్‌ను మా బకెట్లకు ఒక జానెడు దూరంలో పెట్టి. అత్త రోజూ కిందికి దిగి, వరసతో నిమిత్తం లేకుండా ముందు ఆమె బకెట్‌నే నల్ల కింద పెట్టేది. ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. ఆ జానెడు దూరం మాత్రం వంటావిడ తన ఊరికి వెళ్ళిపోయేదాకా అలాగే ఉండిపోయింది.

మా నాన్న చూపు చలికాలం పోయేసరికి మెల్లగా తేరుకుంది. ఒక ఉదయం గుండు దారం ముందు నిలబడి "ఒక్కటే" అన్నాడు. అత్త వినీ విననట్టు స్టవ్వు దగ్గర కూర్చుంది. భుజాలు కదులుతుండటం నేను చూశాను.

నలుసులు తీయడం ఆమె మానలేదు. పాత పంచె చించి, ముక్కలు ఉడకబెట్టి, గ్యాలరీ తీగ మీద ఆరేసి పెట్టుకునేది. ఒకరికి ఒక ముక్క, తర్వాత దాన్ని కాల్చేసేది. చేతులు ఎంత కడుక్కునేదంటే, "నేను గలీజున్ననా అత్తా?" అని ఒకతను నొచ్చుకున్నాడు. "నువ్వు కాదు, నా మీద నాకు అనుమానం" అంది. ముందు ప్రశ్నలు అడిగేది. పొడిచినట్టుందా, ఇసుక పోసినట్టుందా? పొద్దున రెప్పలు అంటుకున్నాయా? అంటుకున్నాయంటే ముట్టుకోకుండా ఆస్పత్రికి తోలేది. నలుసు దొరికితే గోటి మీద చూపించేది, మునుపటిలాగే. దొరకకపోతే దొరకలేదనేది, మునుపటిలాగా కాకుండా. "కనవడ్డ నలుసు కన్నును గుచ్చుతది, కనవడనిది కన్నే తీస్తది" అని ఆమె అన్న మాట మా చాళ్ళో ఇప్పటికీ పెద్దవాళ్ళు అంటారు, ఎక్కడిదో తెలియకుండానే.

అనుమానించడం ఆమె తగ్గించుకుందనుకుంటే పొరపాటు. పాలవాడి క్యానులో వేలు ముంచడం చివరిదాకా మానలేదు. కానీ ఆ వానాకాలం తర్వాత ఎవరి మీదైనా వేలు చూపించేముందు ఒక్క క్షణం ఆగేది. ఆ క్షణంలో ఆమె చెయ్యి కొంగు ముడిని తడిమేది. నేను బడిలో ఇన్నేళ్ళు పిల్లల తగాదాలు తీర్చాను. చాక్‌పీసు దొంగ వీడే అని పదిమంది చెప్పినప్పుడల్లా నా చెయ్యి కూడా తెలియకుండా కొంగు దగ్గరికి పోయేది. అంతకంటే నేను ఆమెకు చెప్పుకోగల కృతజ్ఞత ఏముంది?

చీర ఏదైనా, కట్టుకోగానే కొంగు కొసను ముడేసేది. పండగ చీరకూ అంతే. తర్వాత పుట్టినవాళ్ళకు, కొత్తగా చేరినవాళ్ళకు ఆ సంగతి తెలియదు. ముడిలో బంగారపు ముక్క ఉందని కొందరు, నశ్యం అని కొందరు, పెట్టె తాళంచెవి అని కొందరు. పిల్లలు వెంటపడి అడిగితే "ఏం లేదు బిడ్డా" అనేది. ఆమె చెప్పిన నిజాల్లో ఎవరూ నమ్మనిది ఇదొక్కటే.

నేను వెళ్ళేసరికి స్నానం చేయించి, చీర కట్టి పడుకోబెట్టారు. కోడలు తెలివైనది, ఆఖరి చీరకు కూడా ముడి వేసింది, అత్తకు అలవాటని. ఇంతలో పక్క ఖోలీ ఆవిడ, పాత చీర మడతపెడుతూ, దాని కొంగు ముడిని వేళ్ళతో నలిపి చూసింది. నలుగురు ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు. అందరి చూపూ అక్కడే ఉంది. ముడి బిగుసుకుపోయి తొందరగా రాలేదు. వచ్చాక ఆవిడ కొంగును విదిలించింది, తిప్పి చూసింది, మళ్ళీ విదిలించింది.

"ఏం లేదు" అంది, మోసపోయినట్టు.

"ఉన్నది" అన్నాను నేను. ఎవరూ నమ్మినట్టు లేరు. ఆమె పెంచిన నాకు వాళ్ళను తప్పు పట్టే హక్కు లేదు.

సన్నటి వాన పడుతుండగా పాడెను ఇరుకు మెట్ల మీదుగా వంచి, తిప్పి, కిందికి దించారు. నల్ల దగ్గర నీళ్ళు పట్టుకుంటున్నవాళ్ళు బకెట్లు పక్కకు జరిపి దారి ఇచ్చారు. ఒక బకెట్ నిండి పొర్లుతున్నా ఎవరూ నల్ల కట్టేయలేదు. ఆ మలుపులో పూలు జారి, కప్పిన గుడ్డ కింది నుంచి కొంగు కొస బయటికి వచ్చి వేలాడింది. లోపల పెట్టమని ఎవరో అన్నారు. మోసేవాళ్ళకు వినపడలేదు. వానకు తడిసి బరువెక్కిన ఆ చిన్న ముడి, మా నాన్న గుమ్మానికి కట్టిన గుండు లాగా, గల్లీ చివరిదాకా ఊగుతూ పోయింది.